కంథ – బొంత – అంచు

'అతుకులబొంత' యను మాట తెలుగున నిందావాచకము. ఒక గ్రంథమున పూర్వాపరసంగతి కొఱవడినచో విమర్శకులు దానిని అతుకులబొంత యందురు. నానామార్గముల నుండి తెచ్చి చేర్చిన సిద్ధాంతమును, పొందిక లేని ప్రసంగమును ఈ పేరుననే ఆక్షేపింతురు. ఈ యుపమానము ఎంతవఱకు న్యాయమైనదో విచారించినవారు తక్కువ. బొంతలో అతుకులు కలవనుట నిజమే. కాని ఆ యతుకులు చెదరకుండ పట్టియుంచు కుట్టు అందు కలదు. ఆ కుట్టు విడకుండ నాలుగువైపుల కాచు అంచు కలదు. అంచు లేని గుడ్డలకుప్ప బొంత కానేరదు. కావున అసంగతమైన రచనను అతుకులబొంత యనుటకంటె, అంచు కుట్టని బొంత యనుట వస్తుస్వభావమునకు దగ్గఱగా నుండును.

బొంతకు సంస్కృతమున కంథ యని పేరు. ఈ వస్తువునుగూర్చిన చరిత్రలో రెండు చిక్కులున్నవి. కంథాశబ్దము ప్రాచీనవ్యాకరణమున కానవచ్చుటచే, ఆ శబ్దమున్నచోట నెల్ల బొంత యున్నదని భ్రమపడుట మొదటిది. కంథను వర్ణించిన కవులందఱు చినిగినగుడ్డలను మాత్రమే చూచి కుట్టుపనిని విడిచిపుచ్చుటచే, ఆ పనికి చరిత్రయే లేదని తలచుట రెండవది. మొదటి చిక్కు శబ్దవిచారమువలన తీఱును. రెండవదానికి మందు పాళీవాఙ్మయమునందలి భిక్షునియమములలో దొరకును.

కంథాశబ్దవిచారము

పాణినీయమున కంథాశబ్దము పెక్కుచోట్ల వచ్చినది. ద్వితీయాధ్యాయము నాలుగవపాదమున లింగానుశాసనప్రకరణములో నొక సూత్రము కలదు (2.4.20). ఉశీనరదేశమందలి పేళ్ల విషయమున కంథాశబ్దము తుదగాగల తత్పురుషము నపుంసకలింగ మగునని దాని తాత్పర్యము. సౌశమికంథమ్, ఆహ్వరకంథమ్ అనునవి యుదాహరణములు. చతుర్థాధ్యాయము రెండవపాదమున కంథాశబ్దముమీద ఠక్ప్రత్యయము విధింపబడినది (4.2.102), కాంథికము అను రూపము దానివలన సిద్ధించును. వెనువెంటనే వర్ణుదేశవిషయమున వుక్ప్రత్యయము చెప్పబడి (4.2.103) కాంథకము అను రూపాంతరము సాధింపబడినది. అదే పాదమున మఱికొంత దూరమున కంథ, పలద, నగర, గ్రామ, హ్రద శబ్దములు ఉత్తరపదములుగాగల దేశనామములకు ఛప్రత్యయము విహితమైనది (4.2.142). షష్ఠాధ్యాయమున స్వరవిధానము సయితము కలదు (6.2.124).

ఇన్ని సూత్రములలో కంథ పేరు వచ్చుటవలన పాణిని కాలమున బొంతలు విరివిగా కుట్టబడెనని యెవరైన తలచినచో అది పొరపాటు. ఇక్కడ కంథ నగర, గ్రామ, హ్రదములతో నొకే పంక్తిని కూర్చున్నది. పంక్తిభోజనమున కూర్చున్నవాని జాతి పక్కవారివలననే తెలియునట్లు, ఈ కంథ జనపదవాచకమని సాహచర్యమువలననే తేలుచున్నది. వర్ణుదేశము నేటి పాకిస్తానమందలి బన్నూ ప్రాంతము. మధ్యాసియాలోని ఖోతానమున వాడుకలో నుండిన శకభాషలో కంథా యనగా పురము. సమర్కందు, తాష్కెందు, యార్కందు మొదలైన పురనామములందలి తుదిపదము సయితము ఈ కుటుంబమునకే చెందినదని భాషాశాస్త్రజ్ఞుల మతము. పాణినినాటి భారతదేశమునుగూర్చి 1953లో బృహద్గ్రంథమును ప్రకటించిన వాసుదేవశరణ అగ్రవాలుగారు ఈ సూత్రములను ఊళ్ల పేళ్ల ప్రకరణముననే చర్చించిరి. వాయవ్యదిక్కున విననయిన ఈ మాట ఊరి పేరు. పడకపై పఱచు కంథతో దీనికి వర్ణసామ్యము మాత్రమే కలదు.

ఐనను ఆ సూత్రమునకే క్రీస్తుశకము 7వ శతాబ్దమున వెలసిన కాశికావృత్తి యొక ప్రత్యుదాహరణమును చూపినది. పేరు కానిచో నపుంసకత్వము రాదనుటకు 'వీరణకంథా' యను పదము నిచ్చినది. వీరణము వట్టివేరు గడ్డి. ఇది యూరిపేరు కాదు కనుకనే స్త్రీలింగముగా నిలిచినది. అనగా ఊరిని చెప్పని కంథాశబ్దమొకటి కాశికాకాలమునకు వైయాకరణుల యెఱుకలో నుండెనని దీనివలన స్థిరపడుచున్నది. ఒకే రూపము, రెండు వస్తువులు. తెలుగున బొంతకాకి, బొంతజెముడు అను మాటలలోని బొంతను పడకమీది బొంతతో ముడిపెట్టుట యెంత సాహసమో, ఆహ్వరకంథమున కంథను చూచి కుట్టుపనిని ఊహించుట యంతటి సాహసము.

చలిని వారించు కప్పు మాత్రము వ్యాకరణమున వేఱొక పేరుతో నున్నది. అది నీశారము. తృతీయాధ్యాయమున ఘఞ్ప్రత్యయవిధి యొద్ద (3.3.21) వాయువు, వర్ణము, కప్పు అను అర్థములందు శారశబ్దమును సాధించు వార్తికము కలదు. నీశారము లేనివాడు శిశిరమున గోవువలె చిక్కిపోవునను తాత్పర్యముగల వాక్య మచట నుదాహరింపబడినది. అమరసింహుడును చలిగాలిని వారించు ప్రావరణమునకు నీశారమని పేరు చెప్పెను. చలికాలము, బీదతనము, కప్పు అను మూడును ఒక్కచోట చేరిన ఈ యుదాహరణము బొంత చరిత్రకు కంథాసూత్రములన్నిటికంటె నెక్కువ యుపకరించును.

కుట్టును నేతయు నొకటే ధాత్వర్థము

కుట్టుపనిని చెప్పు సంస్కృతధాతువు దివాదిగణములోని షివు ధాతువు. దీనికి ధాతుపాఠమున 'తంతుసంతానము' అర్థముగా చెప్పబడినది. అనగా పోగును ఎడతెగక సాగించుట. భ్వాదిగణమున నేతను చెప్పు వేఞ్ ధాతువునకును సరిగా ఈ యర్థమే యీయబడినది. నేతగాడు మగ్గముమీద చేయు పనిని కుట్టుచేయి సూదితో చేయుచున్నదని ధాతుపాఠకారుల దృష్టి. బొంతను చూచిన ఈ దృష్టి యెంత నిశితమో తెలియగలదు. చీరగా ఒకసారి నేయబడి, కట్టుబడియై జీర్ణించిన గుడ్డ, సూదివలన రెండవమాఱు నేయబడి బొంత యగుచున్నది.

సూచి, సూత్రము అను రెండు మాటలును ఈ షివు ధాతువునుండియే ఉణాదులలో వ్యుత్పాదింపబడినవి. సూత్రకారులని పేరుగాంచినవారు తమ శాస్త్రవాక్యములకు పెట్టుకొన్న పేరు కుట్టుపనికి సంబంధించిన దనుట శాస్త్రజ్ఞులు మఱవరాని విషయము. అమరసింహుడు సేవనము, సీవనము, స్యూతి యను పర్యాయములను చెప్పెను. కుట్టువానికి తున్నవాయుడు, సౌచికుడు అనియు, జీర్ణవస్త్రమునకు పటచ్చరమనియు, వస్త్రపు చివరలకు దశలనియు పేళ్లు చెప్పెను. దశాశబ్దము అక్కడ నిత్యబహువచనము. అంచు పోగు ఒక్కటిగా నుండదు గదా.

ఋగ్వేదమున రెండవమండలమున రాకాదేవతను తెగని సూదితో తన పనిని కుట్టుమని ప్రార్థించు ఋక్కు కలదు (2.32.4). రాక పూర్ణిమాధిదేవత, సంతానప్రదాత్రి. వేదవాఙ్మయమున సూది యొక స్త్రీదేవత చేతిలో కానవచ్చుట గమనింపదగినది.

దీక్షావస్త్రమున అంచుల లెక్క

వస్త్రమున ఏ భాగ మేది యని విడదీసి చెప్పిన ప్రాచీనవాక్యము తైత్తిరీయసంహిత ఆఱవకాండమున దీక్షాప్రకరణమునందున్నది (6.1.1). యజమానుడు ధరించు వస్త్రమునకు ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క దేవత చెప్పబడెను. తూషాధానము అగ్నికి, వాతపానము వాయువునకు, నీవి పితృదేవతలకు, ప్రఘాతము ఓషధులకు, ప్రాచీనతానము, అనగా పడుగు, ఆదిత్యులకు, ఓతువు, అనగా పేక, విశ్వేదేవతలకు, పోగుల నడిమి సందులైన అతీకాశములు నక్షత్రములకు. కనుక వస్త్రము సర్వదేవతాకమని ఉపసంహారము.

ఈ లెక్కలో క్రమము ముఖ్యము. పడుగుపేకలు నేతకు ప్రాణములైనను అవి తుదివరుసను వచ్చినవి. తూషమను అంచుకుచ్చు మొదట వచ్చినది. నేత పుట్టుక పడుగునుండియే యైనను, వస్త్రము వస్త్రముగా గుఱుతింపబడుట అంచుతోనే. వస్త్రమును చేతబట్టినవానికి మొదట తగులునది అంచు. మొదట చెడునదియు అదియే. తెలుగున అంచు, చెఱగు, కొంగు అని వస్త్రపు చివరలకు వేఱువేఱు పేళ్లుండుటయు ఈ యనుభవమువలననే.

భిక్షుసంఘమున కుట్టుశాస్త్రము

పై వాక్యములు వస్త్రమునుగూర్చినవి. కుట్టుటయెట్లో చెప్పిన గ్రంథము పాళీవినయపిటకము. సింహళమున క్రీస్తుపూర్వము 1వ శతాబ్దమున పత్రారూఢమైనదని యెన్నబడు ఈ వాఙ్మయము అంతకు ముందే తరములుగా ముఖస్థమై వచ్చినది. భిక్షువులు దుమ్ముకుప్పలనుండి యేఱుకొన్న పాంసుకూలములను కుట్టుకొనవలసినవారు. కనుక దర్జీపనిలోని చిక్కులన్నియు సంఘముముందు ధర్మసందేహములుగా వచ్చినవి.

మహావగ్గమున ఎనిమిదవ ఖంధకము చీవరములకు సంబంధించినది. బుద్ధుడు దక్షిణాగిరికి పోవుచు మగధదేశపు పొలములను, వాని గట్లను, నాలుగు గట్లు కలియు చోట్లను చూచి, అట్టి కట్టుబాటుతో చీవరమును సిద్ధపఱుపగలవా యని ఆనందుని అడిగెను. ఆనందుడు అట్లే సమకూర్చి చూపగా, సంఘము నెదుట అతని నేర్పును కొనియాడెను. పొడవు పట్టీకి కుసి యనియు, అడ్డుపట్టీకి అడ్ఢకుసి యనియు, ముక్కలకు మండలము, అడ్ఢమండలము మొదలైనవియు పేళ్లు చెప్పబడెను. గుడ్డను ముక్కలుచేసి కుట్టుటచే అది శ్రమణులకు తగినదై, దొంగలు కోరనిదిగా నుండునని ప్రయోజనము చెప్పబడెను. వరిమడినుండి యతుకు వరుస పుట్టెను. మడికి గట్టు ఎట్టిదో ముక్కకు పట్టీ అట్టిది.

తరువాతి ఘట్టము పొరలనుగూర్చినది. వైశాలియందు గోతమకచైత్యమున హేమంతరాత్రి బుద్ధుడు ఆరుబయట కూర్చుండి ఎన్ని వస్త్రములతో చలి తీఱునో తానే పరీక్షించెను. ప్రతియామమున చలి హెచ్చుకొలది ఒక్కొక్క వస్త్రము చేర్చుకొనుచు నాలుగింటితో తృప్తినొందెను. అందువలన రెండుపొరల సంఘాటి, ఒంటిపొర ఉత్తరాసంగము, ఒంటిపొర అంతరవాసకము అని మూడు చీవరములు నియతములైనవి; సంఘాటి పొరలు రెండగుటచే లెక్క నాలుగే యైనది. కొత్తగుడ్డయైనచో సంఘాటి రెండుపొరలు చాలును; నలిగిన పాతగుడ్డయైనచో నాలుగుపొరలు వేయవచ్చునని మఱియొక నియమము. పాతగుడ్డ పలుచన, దాని లోపమును పొరలసంఖ్య తీర్చును. నేటికిని బొంత కుట్టువారి మూలసూత్ర మిదియే.

ఇక అంచునకు వత్తము. అదే ఖంధకమున చీవరమును కుట్టుచుండగా మూలలు వంకరపోయినవి. ఆ వంకరను తీసివేయుట కనుజ్ఞ యైనది. అటుపై అంచుపోగులు విడి రాలుచుండెను. అప్పుడు 'అనువాతము, పరిభండము' ఎక్కించుట కనుజ్ఞ యీయబడెను (8.21). అనువాతము చీవరపు ఓరవెంట వేయు పట్టీ. పరిభండము చుట్టును బిగించు కట్టు. కారణము, దోషము, పరిహారము అను మూడును ఇందు స్పష్టముగా నున్నవి. కత్తిరించిన గుడ్డకు ఓరయందు పడుగును పట్టు పేక యుండదు. కనుక ఉతికినకొలది పోగులు జాఱును. ఆ ఓరను వేఱొక పట్టీ మడతలో దాచి కుట్టిననే గుడ్డకు ఆయువు.

అనువాతశబ్దమునుగూర్చి యొక మాట. అనువాతమనగా గాలివాలు అనియు అర్థము కలదు. కాని అంచుపట్టీకి గాలితో పని లేదు. ఇందలి వాతశబ్దము నేత నర్థముగాగల ధాతువునుండి వచ్చినదని 1921 మొదలు 1925 వఱకు పాళీనిఘంటువును వెలయించిన రైస్ డేవిడ్సు, స్టీడు పండితుల ఊహ. దీనిపై వైయాకరణుల ఆక్షేప మిది: వేఞ్ ధాతువునకు క్తప్రత్యయము చేరినచో సంప్రసారణము వచ్చి 'ఉత' మగును గాని 'వాత' మగుట లేదు; ఓతప్రోతములందును ఆ యుతశబ్దమే ఆఙ్, ప్రలతో కూడి యున్నది. సమాధానమేమనగా, కిత్తు కాని ప్రత్యయము పరమైనచో సంప్రసారణము రాదు. ఏజంతధాతువునకు ఆత్త్వము వచ్చి 'వా' రూపము నిలుచును. తంతువాయ శబ్దమున ఆ 'వా' నేటికిని వినబడుచున్నది. కావున అనువాతము 'వెంటబడి నేసినది' అను అర్థమునకు వ్యాకరణమువలన బాధ లేదు. తైత్తిరీయమందలి వాతపానమును వ్యాఖ్యానించువారు సయితము ఈ మార్గమును దృష్టియందుంచుకొనదగును.

చుల్లవగ్గము ఐదవ ఖంధకమున పనిముట్ల చరిత్ర కలదు (5.11). మొదట భిక్షువులు కోడియీకతోను వెదురుపుల్లతోను కుట్టుకొనగా కుట్టు చెడెను; సూది అనుజ్ఞాతమైనది. సూదులు తుప్పుపట్టెను, సూదిగొట్టమున పిండి, ఱాతిపొడి నింపుటయు, తుదకు మైనము చేర్చుటయు వచ్చెను. కుట్లనడిమి యెడము హెచ్చుతగ్గు లయ్యెను; కళింభకమను కొలతగుఱుతు వచ్చెను. కుట్టువరుస వంకర పోయెను. మోఘసూత్రకము, అనగా దారి చూపుటకై వేసి తరువాత తీసివేయు వట్టిపోగు, వచ్చెను. వ్రేళ్లకు సూది గ్రుచ్చుకొనెను. పటిగ్గహమను వ్రేలితొడుగు వచ్చెను. నేటి దర్జీలు అంగుస్తాన యనునది యిదియే. గుడ్డను బిగించి కట్టు కఠినమను చట్రము వచ్చెను. ఆ చట్రపు కొన జీర్ణింపగా దానికిని అనువాతపరిభండములు వేయుట విహితమైనది. కుట్టు సాధనమునకే అంచు కుట్టవలసివచ్చెను.

వర్షావాసము ముగిసిన పిదప జరుగు కఠినోత్సవమున సంఘమంతయు కూడి ఒక్కదినమున ఒక చీవరమును పూర్తిచేయవలెను. ఆ ప్రకరణమున పనుల వరుస చెప్పబడినది: గీతగీచుట, ఉదుకుట, లెక్కవేయుట, కత్తిరించుట, తాత్కాలికముగా టాకాలు వేయుట, మడిచి కుట్టుట, గుఱుతు పెట్టుట, గట్టిపఱచుట, అనువాతము, పరిభండము. ఇవి యొక్కొక్కటియే కఠినవిధిని పూర్తిచేయజాలవని ధర్మనిర్ణయము. ధర్మనిర్ణయమటుండగా చరిత్రకారునకు ముఖ్యమైనది క్రమము: అంచు పని పనుల తుదిభాగమున వచ్చినది. ఉదుకుట మొదటివరుసను వచ్చినది. ముందుగా ఉదికిన గుడ్డ మఱల ముడుచుకొనదు. కుట్టు ముగిసిన పిదప వేసిన అంచు ముడతపడదు. ఈ రెండును అనుభవైకవేద్యములైన రహస్యములు.

ఆంధ్రదేశమున ఈ వినయము చదువబడిన విహారములు అమరావతి, నాగార్జునకొండలయందు వెలసెను. అచటి బుద్ధప్రతిమలలో సంఘాటి క్రిందియోర బరువైన వంపుగా చెక్కబడియుండుట ప్రసిద్ధము. అది ధరించు తీరువలన ఏర్పడిన మడత. కుట్టిన అంచునకు దానిని సాక్ష్యముగా తీసికొనరాదు. కాని వస్త్రపు గాంభీర్యమంతయు క్రిందియోరయందే యున్నదని శిల్పి యెఱిగెను.

కావ్యముల చూపు

వినయగ్రంథములు ఇంత సూక్ష్మముగా చూచిన వస్తువును కావ్యములు చూచిన తీరు వేఱు. భర్తృహరి వైరాగ్యశతకమున జీర్ణించిన నూఱుముక్కల కంథను భిక్షుకుని లక్షణముగా వర్ణించి, అంతటివానిని సయితము విషయములు విడువవని చింతించెను. 18వ శతాబ్దమున ఏనుగు లక్ష్మణకవి సుభాషితములను తెలిగించుటచే ఈ భావము తెలుగువారికి సుపరిచితమయ్యెను. నాథయోగుల వేషమున కంథ యొక యంగము. హిందీదేశమున గుదడీయను మాట ఫకీరుల సంబంధమువలన ఆధ్యాత్మికగౌరవము పొందినది.

ఇన్నిచోట్ల కంథ వైరాగ్యచిహ్నము. కవి ముక్కలను లెక్కించెను, కుట్లను లెక్కింపలేదు. కంథ ధరించినవాడు కావ్యనాయకు డయ్యెను. కుట్టినయామె పేరైన వినబడలేదు. అతుకులబొంత యను నిందకు మూలము ఈ చూపే.

లోకోక్తి మాత్రము న్యాయముగా నున్నది. 'గంతకు తగ్గ బొంత' యని తెలుగుసామెత. పశువు వీపుపై వేయు గంతకు అడుగున ఒరిపిడి తగులకుండ వేయునది బొంత. నేడు దీనిని పరిహాసముగా వాడుదురుగాని, కొలత తప్పిన బొంత పశువు వీపును పుండుచేయునని యెఱిగినవారి నోట పుట్టిన మాట యిది. ఇందు బొంతకు కొలత యున్నది, ప్రయోజనమున్నది, నింద లేదు.

దేశమందలి బొంతలు, వాని యంచులు

బెంగాలున కాఁథా యనునది కంథాశబ్దభవమే. మెత్తబడిన పాతచీరలను, ధోవతులను పొరలుగా పఱచి, చీరయంచులనుండి లాగిన రంగుపోగులతోనే కుట్టుట అచటి సంప్రదాయము. జీర్ణించిన చీరయందు కడపట మిగులు గట్టిభాగము అంచే. దానిపోగు క్రొత్తకుట్టునకు దారమగుట మితవ్యయమునకు పరాకాష్ఠ. 16, 17 శతాబ్దములలో సాత్‌గావ్ ప్రాంతమున పసుపువన్నె టస్సరుపట్టుతో కుట్టిన మేల్పఱుపులను పోర్చుగీసు వర్తకులు కొనిపోయిరి. పల్లెటింటి కాఁథాలను 1882 మొదలు 1941 వఱకు జీవించిన గురుసదయదత్తుగారు సేకరించి రక్షించిరి. 1939లో స్టెల్లా క్రామ్రిష్‌గారు వానినిగూర్చి పండితపత్రికయందు వ్రాసిరి. 1929లో జసీముద్దీన్ కవి 'నక్షీ కాఁథార్ మాఠ్' కావ్యమున కాఁథాను కుట్టు పల్లెటి పడతినే నాయికగా చేసెను. కుట్టు చేయికి కావ్యమున చోటు దొరకుట అరుదుగా జరిగిన సంగతి.

కర్ణాటకమున ఉత్తరకన్నడమండలమందలి సిద్దీలు ఆఫ్రికానుండి వచ్చినవారి సంతతి. వారి స్త్రీలు కుట్టు బొంతకు కవంది యని పేరు. వారు ఒక మూలనుండి మొదలుపెట్టి, ఓరలవెంట చుట్టును కుట్టుచు క్రమముగా నడిమికి వత్తురు. అంచు మొదట బిగియును. పొరలయందలి మిగులుగుడ్డ నడిమికి తోయబడి సన్నని ముడుతలుగా నిలుచును. తుదకు నాలుగు మూలలను ఫులా యను మడతపువ్వును కుట్టుదురు. అది లేని కవంది పూర్తియైనది కాదని వారి నమ్మకము. వినయమున అంచు తుదకు వచ్చినది. ఇచ్చట మొదటనే వచ్చినది. క్రమము మాఱగా గుడ్డతీరు మాఱినది గాని అంచునకు ప్రాధాన్యము తగ్గలేదు. ముందుగా అరిగి పోగులు విడుచునది మూలయే కాన అచట గుడ్డను మూడునాలుగు మడతలుగా చేర్చుట అలంకారమగుటతోబాటు రక్షయు అగుచున్నది.

తెలుగునాట బొంత నూలుచీరలతోను పంచెలతోను పుట్టినది. ఉతికి యారవేసిన పాతచీరను నేలపై పఱచి, చినిగినచోట్ల ముక్కలు సర్ది, పైని మఱియొక చీర కప్పుదురు. పొరలు కదలకుండ ముందు దూరదూరముగా టాకాలు వేసి, పిదప వరుసగా సన్నకుట్టు వేయుదురు. దళసరియైనచో దబ్బనము, పలుచనైనచో సూది. చీర యంచు నేతయందే గట్టియైనది కనుక దానిని ఓరకు వచ్చునట్లు అమర్చినచో సగము పని తీఱినట్లే. కత్తిరించిన వైపులు మాత్రము లోనికి మడిచి కుట్టవలెను, లేదా పట్టీ వేయవలెను. పసిబిడ్డల బొంతకు మిక్కిలి నలిగిన మెత్తని చీరయే శ్రేష్ఠము. తల్లి కట్టి విడిచిన చీర బిడ్డకు తొలి పడక యగుట ఎల్ల యిండ్ల యాచారము. ఆ బొంతకు మొరటు పట్టీ వేయరు; లేతమేనికి ఒరయును గనుక మెత్తని మడతయే అంచు.

శబ్దసంగ్రహము

ఈ పనికి ఇంటింట మాట లున్నవి. కుట్టు తీరునకు, టాకా యెడమునకు, మడతకు, మూలకు ఊరూర వేఱువేఱు పేళ్లు. వీనిని పోగుచేయుట శబ్దశాస్త్రమున మిగిలియున్న బాకీ. 1936లో ప్రథమసంపుటము వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువు ప్రధానముగా కావ్యప్రయోగములను ఆధారముగా గొన్నది. కావ్యములు కుట్టును చూడలేదని పైన చెప్పబడినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలికవృత్తిపదకోశము వేఱొక త్రోవ తొక్కినది. 1962లో వ్యవసాయపదములు, 1971లో చేనేతపదములు పనివారి నోటినుండియే సంగ్రహింపబడి అచ్చయినవి. మగ్గమునకు సంబంధించిన మాటలు అట్లు చిరస్థాయి యైనవి. బొంతకుట్టును ఊరూర తిరిగి కూలికి చేయువారు కొందఱు కలరు గాని, తఱుచుగా అది ఇంటి యాడవారు పని తీరిన మధ్యాహ్నము చేయు పని. దానికి కులము లేదు, కూలి లేదు, అంగడి లేదు. వృత్తుల వరుసను నడచు కోశమునకు అది సులభముగా దొరకదు.

నూలుచీరల స్థానమున పాలియెస్టరు చీరలు వచ్చినవి. అవి చెమటను పీల్చవు, నలిగి మెత్తబడవు, బొంతకు పనికిరావు. కంబళ్లును మిల్లుదుప్పట్లును అంగడిలో చవుకగా దొరకుచున్నవి. పని తగ్గినకొలది మాట తగ్గును. మాట తగ్గిన పిదప నిఘంటుకారునకు దొరకునది జ్ఞాపకము మాత్రమే. రెండువేల యేండ్లకు పూర్వము భిక్షువులు అంచుపట్టీకొక పేరు, చుట్టుకట్టునకొక పేరు, తీసివేయు దారిపోగున కొక పేరు విడివిడిగా నిలిపిరి. వారు అట్లు నిలుపకున్నచో ఆ పని జరిగినదన్న సంగతియే నేడు తెలియకుండెను. తెలుగున ఆ పని చేయు చేతులు ఇంకను కలవు. శబ్దసేకరణకు పూనుకొనువారు పల్లెలలోని వృద్ధస్త్రీల యొద్దకు పోయి, వారు కుట్టుచుండగా అడిగి, ప్రతికుట్టునకు పేరు వ్రాసికొనవలెను. పోగులు రాలుట మొదలిడిన ఓరకు పట్టీ వేయుటలో ఆలస్యము కూడదు. శబ్దముల విషయమునను నీతి యిదియే.